కాలర్లు ఏడు, జేబులు పన్నెండు

నాలుగు వేల రెండు వందల ఆరు. పది నిమిషాల కింద చూసినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఫోను తెర మీద ‘పాటల్ని వెతుకుతోంది, ఆగండి’ అన్న మాట కింద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, ఆఫీసరు వస్తుంటే కాగితాలు అటూ ఇటూ తిప్పే గుమాస్తాలాగా, పని మాత్రం సున్నా. ఇంకా ఎంతసేపు ఆగాలి నాయనా, నీకు దండం పెడతాను, కదులు. అతను నేల మీద బాసింపట్టు వేసుకుని పాటల పెట్టె వంక చూశాడు. అరచేతి వెడల్పు నల్ల డబ్బా, దాని వెనక కొత్త డిస్కు, అటొకటి ఇటొకటి స్పీకర్లు, మధ్యలో గుండ్రటి మీట. మూడూ పది అయింది. ఐదింటికి వాళ్లావిడ వస్తుంది. రేపు పొద్దున్న ఏడింటికి ఆవిడకి ఆపరేషను. చెవి వెనక నరాన్ని అంటుకుని గోలీకాయంత గడ్డ; తీస్తే కుడి చెవి దక్కచ్చు, దక్కకపోవచ్చు అన్నాడు డాక్టరు, తియ్యకపోతే ముందుముందు నడక తూలుతుంది, మొహం వంకరపోతుంది అన్నాడు. ఎడమ చెవి పదేళ్ల కిందటి జ్వరంలోనే పోయింది. అంటే ఆవిడకి పాట వినడానికి ఖాయంగా మిగిలింది ఈ ఒక్క సాయంత్రం. దీని కోసం నలభై పాటలు ఏరి, వరస పెట్టి, లిస్టు చేసి దాచుకుంది. ఆ లిస్టుని అతను చెడగొట్టాడు. చేతులారా చెడగొట్టాడు. ఆవిడకి ఇంకా తెలియదు.

ఎవడు చెయ్యమన్నాడు? ఎవరూ చెయ్యమనలేదు. “ఈ పెట్టె నిద్రలేవడానికే పావుగంట పడుతోందండీ” అని రెండు నెలల కింద ఆవిడ ఒక్క మాట అంది, అంతే, ఇంటాయన నడుం బిగించాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా. ఆదివారం ఆవిడ వాళ్లక్కతో బయటికెళ్లిందో లేదో, కొత్త డిస్కు తెచ్చి, పాతదాంట్లో ఏముందో తెరిచి చూశాడు, చూసి నోరు వెళ్లబెట్టాడు. తను లారీల విడిభాగాల డిపోలో ఇరవయ్యారేళ్లుగా స్టోర్ కీపరు. బేరింగుకో అర, బోల్టుకో అర, అర అరకీ ఒక కార్డు, కళ్లకి గంతలు కట్టినా క్లచ్ ప్లేటు ఎక్కడుందో చెప్పగలడు. అలాంటివాడి ఇంట్లో పాటల ఫోల్డర్ల పేర్లు చూడండి: కాలర్లు. జేబులు. చేతులు. బొత్తాలు. విప్పి కుట్టేవి. ఆవిడ కుట్టు వర్క్‌షాపులో కటింగ్ చేస్తుంది, ఇంట్లోనూ బల్ల వేసుకుని చేస్తుంది, ఏ పనికి ఏ పాటలు సరిపడతాయో అవి ఆ పని పేరుతోనే పెట్టుకుంది. కాలరు కోసేటప్పుడు చెయ్యి తొందరపడకూడదు కాబట్టి నిదానంగా నడిచేవి, జేబులకి చకచకా నడిచేవి. లోపల పాటలకి పేర్లు కూడా లేవు, గుడ్డ ముక్కల మీద సుద్దతో వేసినట్టు ఒకటి, రెండు, మూడు. ఒకే పాట కాలర్లలో ఉంది, జేబుల్లో ఉంది, మళ్లీ బొత్తాల్లోనూ ఉంది. ఒకే సరుకు మూడు అరల్లోనా! స్టోర్ కీపరు ప్రాణం ఊరుకుంటుందా? పాటని వాసన పట్టి దాని పేరు అదే పెట్టే ప్రోగ్రాం ఒకటుంటే దాన్ని తోలాడు. పాడినవాళ్ల పేరుతో ఒక్కో అర, అందులో ఏడాది ప్రకారం చిన్న అరలు, రెండోదీ మూడోదీ తీసి అవతల పారెయ్యడం. మూడు వేలకి పైగా తగ్గాయి. పాత డిస్కుని తుడిచేసి డిపోలో కెమెరాల రికార్డింగుకి పట్టుకెళ్లి తగిలించాడు కూడా, అందులో ఇప్పుడు గేటు దగ్గర ఆగే లారీలు తప్ప ఏమీ లేవు. ఎంత శుభ్రంగా ఉందో అని ఆదివారం రాత్రి తనలో తనే మురిసిపోయాడు. ఇరవయ్యారేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి, పాత నంబరు కొత్త కార్డు మీద రాయకుండా ఏ సరుకునీ అర మార్చి ఎరగడు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు తను చెప్పే పాఠమే అది. ఇంట్లో మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదంటే ఇల్లే కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని, ఆవిడ వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉందో లేదో చూద్దామని లిస్టు తెరిస్తే నలభై వరసలూ బూడిదరంగులో ఉన్నాయి. ఏది నొక్కినా పలకదు. పెట్టె అమ్మిన షాపతనికి ఫోను చేస్తే, ఏం భయం లేదు సార్, లైబ్రరీని మొదట్నించీ ఒకసారి వెతికించండి, అన్నీ వచ్చేస్తాయి అన్నాడు. వెతికించడం మొదలుపెట్టాడు. అది ఇదిగో, ఇక్కడికొచ్చి మొరాయించింది. మళ్లీ ఫోను.

“ఎంత దగ్గర ఆగింది సార్?”

“నాలుగు వేల రెండు వందల ఆరు.”

“అయితే దాని తర్వాతది పాడైంది. ఆ ఒక్కటీ తీసెయ్యండి, పరిగెడుతుంది.”

“దాని తర్వాతది ఏదో నాకెలా తెలుస్తుంది బాబూ? అది నోరు విప్పి చెప్పదుగా.”

“సగం సగం చేసి చూడండి సార్. సగం ఫోల్డర్లు పక్కన పెట్టి వెతికించండి. ఆగిందంటే దొంగ ఈ సగంలో ఉన్నాడు, ఆగలేదంటే ఆ సగంలో. అలా తగ్గించుకుంటూ పోండి.”

ఇది తనకి చేతనైన విద్యే. పెట్టెడు బోల్టుల్లో మర చెడిన బోల్టు ఒకటి ఉందంటే ఇలాగే పట్టుకుంటారు. సగం పక్కన పెట్టాడు, వెతికించాడు. అంకెలు ఎక్కడం మొదలైంది, వంద, నూట నలభై, మూడు వందలు, అమ్మయ్య, నడుస్తోంది. అతను ఊపిరి బిగపట్టి అంకెల్ని చూస్తూ కూర్చున్నాడు, తను చూపు తిప్పితే అది ఆగిపోతుందేమోనని భయం, పాలు పొంగకుండా కాపలా కాసినట్టు. రేపు ఈపాటికి ఆపరేషను అయిపోయి ఉంటుంది. ఈపాటికి తెలివొచ్చి ఉంటుంది. తెలివొచ్చాక తను పిలుస్తాడు. పిలిస్తే ఆవిడ తల తిప్పుతుందా, తిప్పదా? తిప్పకపోతే తను ఏం చెయ్యాలి, మళ్లీ పిలవాలా, గట్టిగా పిలవాలా, నర్సు ముందు అరవాలా? పెళ్లయి ఇరవై నాలుగేళ్లలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది తక్కువ, ఏయ్, ఇదిగో, వింటున్నావా. వింటున్నావా అనే మాట ఇన్నిసార్లు వాడాడా తను? తొమ్మిది వందలు. ఇంకో డాక్టరుకి చూపిద్దాం, ఇంకో ఊరు వెళ్దాం, ఆరు నెలలు ఆగితే ఏం పోయింది అని తను నెల రోజులు పోరు పెట్టాడు. ఆవిడ మాత్రం ‘చేయించేసుకుంటానండీ, నాన్చుడెందుకు’ అని అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. ఏం గుండె నిబ్బరం! తనైతే కుర్చీ కాళ్లు పట్టుకుని వేలాడేవాడు. ఇవాళ పరీక్షలకి కూడా తనని రానివ్వలేదు. ‘మీరొస్తే ఆ డాక్టర్ని ప్రశ్నలతో తినేస్తారు, అక్క ఉందిగా, మీరు ఇంట్లో ఉండి సాయంత్రానికి మన పెట్టె సిద్ధంగా ఉంచండి చాలు’ అంది. మన పెట్టె అంది. పదిహేడు వందల దగ్గర తూలి, రెండు వేలు దాటి, నాలుగు వేలకి దగ్గరపడి పూర్తి అంది. అయితే దొంగ ఆ సగంలో ఉన్నాడన్నమాట. దాన్ని మళ్లీ సగం చేశాడు. ఆగింది. అందులో సగం. ఆగలేదు. మిగిలిన సగం. గడియారం మూడూ నలభై దాటింది.

దొరికింది. చివరికి ఒకే ఒక ఫోల్డరు, అందులో ఒకే ఒక పాట, సగం మటుకే ఉంది. మిగతా సగం ఏమైంది? ఆదివారం మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినబడి, కనిపెట్టేస్తుందేమోనని కంగారులో, ఆఖరి పాట కొత్త డిస్కులోకి ఎక్కుతుండగానే తీగ పీకేశాడు. అదీ సంగతి. ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు మహానుభావుడు. ఆ సగం పాటని తీసి అవతల పారేసి, అన్నిటినీ యథాస్థానంలో పెట్టి, వెతుకు అన్నాడు. ఈసారి పెట్టె పరుగు లంకించుకుంది. నాలుగు వేల రెండు వందల ఆరు, ఏడు, ఎనిమిది! అతను నిజంగానే నేల మీద చరిచాడు. ఆరు వేలు, ఏడు వేలు, ఏడు వేల తొమ్మిది వందల పదకొండు. పూర్తయింది. చేతులు తుడుచుకుని లిస్టు తెరిచాడు.

నలభై వరసలూ బూడిదరంగే. ఒక్కటీ మారలేదు. ఎందుకు మారుతుంది? పెట్టె పాటల్ని వెతికింది గాని, ఆవిడ లిస్టు వెతికేది పాటల్ని కాదు, అరనీ అందులో నంబరునీ. కాలర్లు ఏడు. జేబులు పన్నెండు. విప్పి కుట్టేవి మూడు. చేతులు ఇరవై ఒకటి. ఆ అరలే లేవిప్పుడు. ఆ చీటీ పట్టుకుని ఎవరొచ్చినా స్టోరులో ఇచ్చే సరుకు లేదు, సరుకు ఉంది, ఏదో తెలియదు. ఏడు వేల తొమ్మిది వందల పదకొండు పాటల్లో కాలర్లు ఏడు ఏది? లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, కుళాయి విప్పి నీళ్లు పట్టుకుని తాగకుండా గ్లాసు అక్కడే పెట్టేశాడు. ఆవిణ్ణే అడిగితే? అడగాలంటే చెప్పాలి. చెప్పాలంటే, నీకు మిగిలిన ఒక్క సాయంత్రాన్నీ నేను సర్దేశానే అని చెప్పాలి. వదిన ముందు చెప్పాలి. వదిన అసలే తనని చూస్తే ‘మా మరిది సర్దని వస్తువు లేదు, దొరికిన వస్తువూ లేదు’ అని నవ్వుతుంది. అప్పుడే ఫోను మోగింది, వదినే. ఈ నెల రోజులూ ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం లేదు, పెట్టుకోవద్దన్నారట, అంతా వదినే మాట్లాడుతుంది.

“బయల్దేరాం మరిదీ. ముప్పావుగంట.”

“పరీక్షలు ఎలా ఉన్నాయి వదినా?”

“అన్నీ అది చెప్తుందిలే. పెట్టె తయారేనా అని అడగమంటోంది.”

“తయారే” అన్నాడు. నాలుక మీద ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

ముప్పావుగంట. సరే. కాలర్లు. కళ్లు మూసుకున్నాడు. కాలర్లు కోసేది శనివారాలు, ఆ గదిలో బల్ల, ఈ గదిలో తను, మధ్యలో గోడ. పేపరు చదువుతుంటే గోడ అవతల నించి కత్తెర చప్పుడు, దాని వెనక పాట. ఎప్పుడు విన్నాడు తను? కాస్త తగ్గించవే అని విసుక్కున్నాడు గాని వినలేదు. వినలేదా? కత్తెర కర్‌కర్‌మని నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగేది. ప్రతి శనివారం అక్కడే ఆగేది. ఆ పాట పాడే పెద్దావిడ ఊపిరి తీసుకుని పైకి ఎక్కేచోట. ఎక్కి దిగేదాకా గుడ్డ మీద కత్తెర పడేది కాదు. ఆ పాట తనకి తెలుసు! పేరు తెలియదు గాని ఆ ఎక్కడం తెలుసు, ఆ పెద్దావిడ గొంతు ఎవరిదో తెలుసు. ఆ పేరున్న అర తెరిచాడు, ఒకటి నొక్కాడు, కాదు, రెండు, కాదు, ఐదు, ఇదే, ఇదే తల్లీ. లిస్టులో మొదటి కాలరు దగ్గర పెట్టాడు. అది ఏడో కాదో భగవంతుడికెరుక. జేబులు, ఆవిడ పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని పిల్లనగ్రోవిని అనుకరిస్తూ కూనిరాగం తీసేది, పిన్నుల్లోంచి సగం గాలే వచ్చేది, మింగేస్తావే అని తను ఇక్కణ్ణించి అరిచేవాడు. ఆ పిల్లనగ్రోవి దొరికింది. చేతులు కుట్టేటప్పుడు కాలితో నేల తట్టేది, ఒకటి రెండు మూడు, ఆగి, నాలుగు. ఆ తట్టు కిందింటాయనకి నచ్చక కర్రతో పైకప్పు పొడిచేవాడు. ఆ తట్టు దొరికింది. ఇక విప్పి కుట్టేవి, అవి తనకి కంఠతా వచ్చు, ఎందుకంటే ఆవిడ అవి పెట్టేది తనతో గొడవైన రోజుల్లోనే. పటపటా కుట్లు విప్పుతూ, ఒక్క మాటా లేకుండా, ఒకే పాట నాలుగుసార్లు. డిపో వాళ్లతో వెళ్లి తెల్లారి వచ్చిన రోజు ఒకటి. ఆవిడ జ్వరంతో పడుకుంటే, ఎడమ చెవి పోటంటే, రేపు చూద్దాంలే అన్న రోజు ఒకటి. ఆ పాట దొరికినప్పుడు అతను దాన్ని సగంలోనే ఆపేశాడు, వినలేకపోయాడు. రేపు చూద్దాంలే అన్నాడు తను. ఆ రేపు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆవిడ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ పాటని నలభైలో మూడోదిగా పెట్టుకుంది, అదే కోపంతోనో, అది మంచి పాట కాబట్టో.

పందొమ్మిది దొరికాయి. ఇరవై నాలుగేళ్లు గోడ ఇవతల పడుకున్నవాడికి పందొమ్మిది గుర్తున్నాయి, తక్కువేం కాదు అని ఒక క్షణం గర్వపడ్డాడు, మరుక్షణం సిగ్గుపడ్డాడు. మిగతావాటిలో ఇరవై ఆ గొంతులే, ఆ నడకలే చూసి ఉజ్జాయింపుగా నింపాడు, స్టోరులో అసలు సరుకు లేకపోతే దగ్గరి సైజు అంటగట్టినట్టు. మొదటి వరస ఒక్కటీ మిగిలిపోయింది. బొత్తాలు ఒకటి. దానితోనే సాయంత్రం మొదలవ్వాలి. అదేదో కూడా అతనికి తెలుసు, అదే వచ్చిన చిక్కు: ఒక పిల్ల గొంతు, సన్నగా, వెనక ఒక్క వయొలిన్ తప్ప ఏమీ ఉండదు, ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ పెట్టేది. ఆ పిల్లెవరో తెలియదు. పేరు తెలియని మనిషి పాటని పేర్ల అరల్లో ఎక్కడని వెతకను? పది అరలు తెరిచాడు, ఇరవై తెరిచాడు. ఆవిడ సర్దుడులో అయితే బొత్తాలు అని తెరిస్తే మొట్టమొదటే ఉండేది. కింద కారు తలుపు పడిన చప్పుడు. ఖాళీగా ఉంచితే లిస్టు అసలు మొదలవ్వదు. చేతికందిన మగగొంతు పాట ఒకటి, డ్రమ్ములు దద్దరిల్లేది, ఆ ఖాళీలో తోసేశాడు. చెప్పేస్తాను. రాగానే చెప్పేస్తాను. ఇలా జరిగింది, తిట్టు, కొట్టు, ఆ పిల్ల పేరు చెప్పు, నిమిషంలో తెస్తాను అంటాను.

తలుపు తీశాడు. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది, “పొద్దున్నే కారు తెస్తాను మరిదీ” అని అతని మొహం చూడకుండా మెట్లు దిగిపోయింది, ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. ఆవిడ బ్యాగు కుర్చీలో పడేసి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చి పెట్టె ముందు కూర్చుంది, పేరంటానికి వచ్చినంత ముస్తాబుగా.

“అదీ... ఆదివారం నేనొక పని చేశాను” అన్నాడు.

“తర్వాత చెప్దురుగాని. ముందు పెట్టండి.”

“కాదు, ఒక్క నిమిషం విను...”

“పెట్టండీ బాబూ, పొద్దుట్నించీ దీని కోసమే కాచుకున్నాను.”

నొక్కాడు. డ్రమ్ము పడింది, దాని మీద మగగొంతు లేచింది. అతను తల వంచుకుని తిట్లకి సిద్ధమయ్యాడు. తిట్లు రాలేదు. తల ఎత్తి చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. అరచెయ్యి తీసుకెళ్లి స్పీకరు పెట్టెకి ఆనించింది, మొహం మెల్లగా విచ్చుకుంది.

“ఆ పిల్ల గొంతు చూశారా” అంది, “ఎంత సన్నగా మొదలెడుతుందో. ఆ వయొలిన్ తప్ప పక్కన ఎవరూ లేరు పాపం.”

ఏ పిల్ల? గదిలో పాడుతున్నది మగాడు, అదీ వీధి చివరికి వినబడేలా. పాట మారిందేమోనని తెర చూసుకున్నాడు. మారలేదు. అప్పుడు అర్థమైంది, ఒక్కసారిగా కాదు, ఒకదాని వెనక ఒకటి. చెవి పరీక్షలన్నిటికీ వదిననే తీసుకెళ్లడం. ఫోను ముట్టకపోవడం. సాయంత్రం కోసం దాచుకుంటున్నానని ఈ నెలంతా పెట్టె జోలికే పోకపోవడం. సంతకం పెట్టడానికి అంత తొందర. గుండె నిబ్బరం అనుకున్నాడు తను. పోవడానికి ఇంకేం మిగిలిందని భయపడుతుంది? ఈమధ్య తను మాట్లాడితే చాలు, చేస్తున్న పని ఆపి మొహంలోకి చూస్తోందే, ఈ వయసులో ఇదేం ముచ్చటరా అని లోలోపల మురిసిపోయాడు కూడా. అడగాలనిపించింది, ఎన్నాళ్లయింది, నాకెందుకు చెప్పలేదు అని. చెప్తే తనేం చేసేవాడు, రేపు చూద్దాంలే అనేవాడా? అడగలేదు.

“ఇదే కదా మొదటిది?” కళ్లు తెరిచి అతని వంక చూసి అడిగింది.

“ఇదే” అన్నాడు.

“కొంచెం పెంచండి” అంది మళ్లీ కళ్లు మూసుకుంటూ. మీట తిప్పాడు. అద్దాల బీరువాలో గ్లాసులు గలగలమన్నాయి. “ఇంకొంచెం.” తిప్పాడు. కిందింటాయన కర్రతో పైకప్పు పొడవడం మొదలుపెట్టాడు. పొడుచుకోనీ, తర్వాత కావలిస్తే కాళ్ల మీద పడతాను. “ఇంకొంచెం పెంచండీ.” మీట చివరిదాకా వచ్చేసింది, ఇక తిరగదు. అతను మోకాళ్ల మీద జరిగి, ఆవిడ రెండో చెయ్యి తీసుకుని రెండో స్పీకరుకి ఆనించి, భుజం తట్టాడు. ఆవిడ కళ్లు తెరిచి అతని పెదాల వంక చూసింది.

“పెంచాను” అన్నాడు, ఒక్కో అక్షరం విడివిడిగా.

“ఆఁ” అంది ఆవిడ. “ఇప్పుడు బావుంది.”